వారానికోసారి అని చెప్పాల్సింది ఎవరు?

ఫోన్ల మీద చర్మవైద్యం చేస్తున్న డాక్టర్లకు, ఆ యాప్‌లు నడుపుతున్న సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ



"మీ కన్సల్టేషన్ గడువు ముగిసింది. డాక్టరుతో మాట్లాడటానికి దయచేసి కొత్త అపాయింట్‌మెంట్ తీసుకోండి."

మీలో ఒక సంస్థ నుంచి మా పక్క పల్లె రైతుకు వచ్చిన సమాధానం ఇది. ఆయన అడిగిందల్లా ఒక్కటే. మీ డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటుంటే నోరంతా పూసింది, గంజి కూడా గొంతు దిగడం లేదు, మాత్రలు ఆపాలా వద్దా? ఆ సంస్థ పేరు రాయను. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్ళంతా మాది కాదులే అని పక్కకు తప్పుకుంటారు. ఈ ఉత్తరం మీ అందరికీ.

నేను ఆమదాలవలసలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. రైలు టికెట్ మీద మా ఊరు శ్రీకాకుళం రోడ్. పొద్దున్నే బూర్జ, సరుబుజ్జిలి వైపు నుంచి ఆటోల్లో దిగినవాళ్ళు మందులు కొనుక్కున్నాకే మిగతా పనులకు పోతారు. ఒకప్పుడు మడతలు పడ్డ చీటీ ఇచ్చేవారు. ఇప్పుడు ఫోను చాపుతున్నారు. బీటలువారిన తెర మీద మీరు పంపిన చీటీ ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళతో సాగదీసి, ఏ మందో, ఎంతో, ఎన్నాళ్ళో నేను చదివి చెప్పాలి. మీరు ఏ నగరంలో కూర్చుని రాశారో ఆ రోగికి తెలియదు. తెలిసిన ముఖం నాదే. అందుకే ఈ నాలుగు ముక్కలు రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

ఆ రైతు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయనకు సోరియాసిస్. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, నడుం కింద పొలుసులు కట్టిన మచ్చలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు తండ్రి అవస్థ చూడలేక మీ యాప్ తెరిచాడు. పండక్కి వచ్చినప్పుడు తీసిన మోచేతి ఫొటో పెట్టాడు. ప్రశ్నలకు టిక్కులు పెట్టాడు. డాక్టరుతో తనే మాట్లాడాడు. రోగి గొంతు డాక్టరు వినలేదు. కొద్దిరోజులకు కొరియర్‌లో పెట్టె వచ్చింది. అందులో ఒక ఆయింట్‌మెంటు, ఒక షాంపూ, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, మెథోట్రెక్సేట్ మాత్రలు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే అని చీటీలో ఉంది. చీటీ ఇంగ్లీషులో ఉంది, కొడుకు ఫోనులో ఉంది. మాత్రలు మాత్రం తండ్రి చేతిలో ఉన్నాయి.

నా దగ్గరికి ఆయన వచ్చింది నోటిపూతకు పూసుకునే జెల్ కోసం. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే చొక్కా జేబులోంచి స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టాడు. గుంటలు వరసగా ఖాళీ. "రోజుకోటి ఏసుకుంతన్నాను బావూ, బీపీ మాత్తర నాగే" అన్నాడు. చాలా బ్రాండుల్లో ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ మాత్రలు రెండూ చిన్నవే, పసుపు రంగువే. ఏది రోజూ వేసుకోవాలో, ఏది వారానికోసారి వేసుకోవాలో చేత్తో పట్టుకుంటే తెలియదు. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పంపించాం. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయని రక్తపరీక్షలో తేలింది. మంచం మీద పడి, లేచాడు. బతికి బయటపడ్డాడు కాబట్టి ఇది ఎక్కడా వార్త కాలేదు.

డాక్టర్లకు ఈ మందు గురించి నేను చెప్పక్కర్లేదు. అయినా మీతో పాటు ఈ ఉత్తరం చదివే నలుగురి కోసం చెప్తాను. మెథోట్రెక్సేట్ మనకు పరాయి మందు కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించిన కాలంలో, 1940ల్లో, ఫోలిక్ యాసిడ్ తయారీ అక్కడే సాధ్యమైంది. ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, దాని తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. కీళ్ళవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తుంటే వాళ్ళ సోరియాసిస్ మచ్చలు కూడా మాయమవుతున్నాయని 1951లో బయటపడింది. అలా క్యాన్సర్ కోసం వచ్చిన మందు చర్మానికి కూడా వచ్చింది. చవక మందు, పేదవాడికి అందే మందు. వారానికి ఒక్క రోజు వేసుకుంటే ఎంత మేలు చేస్తుందో, అదే మోతాదు రోజూ వేసుకుంటే ఎముకల్లోని మజ్జను అంత దెబ్బ తీస్తుంది. ఈ పొరపాటు మా ఆమదాలవలసకే పరిమితం కాదు. వారానికోసారి మందుని రోజూ మింగేసి జనం చనిపోతున్నారని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2019లో కొత్త కట్టుబాట్లు పెట్టింది. ఈ మందు వాడకం బాగా తెలిసిన డాక్టర్లే రాయాలంది. అట్ట మీద స్పష్టంగా హెచ్చరిక ఉండాలంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో రోగికి కార్డు మీద రాసివ్వాలంది. బాగా చదువుకున్న దేశాల్లోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఇంగ్లీషు చీటీ చదవలేని మా రైతు విషయంలో మీరు తీసుకున్న జాగ్రత్త ఏది? "శనివారం మాత్రమే" అని తెలుగులో రెండు మాటలు పెట్టె మీద అచ్చు వేయడానికి మీకయ్యే ఖర్చెంత?

ఇంకో మాట. మీ కొరియర్ పెట్టె మీద 532తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటుంది. ఉద్దానం కూడా ఆ 532లోనే ఉందన్న సంగతి మీకు తెలుసా? కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య ఊళ్ళకు ఊళ్ళు కిడ్నీ జబ్బుతో కుదేలైన ప్రాంతం. ఏళ్ళ తరబడి పరిశోధనలు చేసినా ఇదీ కారణమని తేలని జబ్బు. దానికోసమే పలాసలో ప్రత్యేకంగా 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఆ జబ్బు మొదట్లో బయటికి కనిపించదు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. క్రియాటినిన్ పరీక్ష చేస్తే తప్ప తెలియదు. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోవాల్సింది ప్రధానంగా కిడ్నీల ద్వారానే. కిడ్నీలు సరిగా లేనివాడికి సరైన మోతాదు ఇచ్చినా అది ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది. సోరియాసిస్‌కు వాడే సైక్లోస్పోరిన్ అయితే నేరుగా కిడ్నీల మీదే పడుతుంది. ఇక పొలం పనులు చేసే ఒళ్ళు కదా, ఉభాల రోజుల్లో నడుం నొప్పికి, కీళ్ళ నొప్పికి మాత్ర మింగని ఇల్లు మా వైపు ఉండదు. ఆ నొప్పి మాత్రలూ మెథోట్రెక్సేటూ కలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. రక్తపరీక్ష చూడకుండా, ఒళ్ళు నొప్పులకు ఏం మింగుతున్నావని అడగకుండా, శ్రీకాకుళం జిల్లా మనిషికి ఈ మందు పంపడాన్ని మీరు వైద్యమనే అంటారా?

లివర్ సంగతి అడిగారా? సాయంత్రం మందు కొట్టే అలవాటుందా అని అడిగారా? టిక్కుల పట్టికలో ఆ ప్రశ్న ఉండే ఉంటుంది. తండ్రి తాగుతాడని కొడుకు టిక్కు పెడతాడా? రోగి పెళ్ళయిన అమ్మాయి అయితే, కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు అసలు వాడకూడదని ఆమెతో నోరు తెరిచి చెప్పిందెవరు? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అడిగారా? ఏజెన్సీ వైపు వాళ్ళయితే మలేరియాకు క్లోరోక్విన్ వాడారా, బీపీకి వాడుతున్న మాత్ర ఏది అనేవి కూడా అడగాల్సిన ప్రశ్నలే. ఈ మందుల్లో కొన్ని సోరియాసిస్‌ను రెచ్చగొడతాయి.

ఆన్‌లైన్ వైద్యం వద్దని నేను అనడం లేదు. ఆ మాట అనే అర్హత మా ప్రాంతానికి లేదు. చర్మం డాక్టరు కావాలంటే మావాళ్ళు శ్రీకాకుళం వెళ్ళాలి. ఇంకా పెద్ద డాక్టరు కావాలంటే విశాఖ కేజీహెచ్‌కి. పోను రాను ఛార్జీలు, ఒక రోజు కూలి, తోడుగా వచ్చినవాళ్ళ కూలి. ఒకసారైతే ఎలాగో వెళ్తారు. సోరియాసిస్ ఒకసారి వెళ్ళి తగ్గించుకునే జబ్బు కాదే! తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, చలికాలంలో ఎక్కువవుతుంది, మనసు బాగాలేకపోయినా ఎక్కువవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2014లోనే దీన్ని పూర్తిగా నయం కాని దీర్ఘవ్యాధిగా గుర్తిస్తూ తీర్మానం చేశాయి. పైగా సిగ్గు. అంటుకునే జబ్బు కాదని ఎంత చెప్పినా సెలూన్‌లో కుర్చీ ఖాళీ లేదంటారు. పెళ్ళిలో పక్క ఆకులో కూర్చోరు. నిండు చేతుల చొక్కా వేసుకుని వైశాఖం ఎండలో తిరిగేవాళ్ళను నేను రోజూ చూస్తున్నాను. అలాంటివాళ్ళకు ఇంట్లో తలుపేసుకుని డాక్టరుతో మాట్లాడే వీలు రావడం గొప్ప వరం. ప్రభుత్వం వారి ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని మన రాష్ట్రంలోనే 2019 నవంబరులో మొదట అడుగుపెట్టింది. మీరంతా ఆ తర్వాత ఊపందుకున్నవాళ్ళే. వరాన్ని వ్యాపారం చేసుకున్నందుకు కూడా నాకు కోపం లేదు. నేనూ షాపువాణ్ణే. అమ్మిన సరుకుకు పూచీ పడకపోతేనే నాకు కోపం.

ఫొటోల విషయానికి వద్దాం. సోరియాసిస్ ఎంత ఉందో కొలవడానికి మీ పుస్తకాల్లోనే లెక్క ఉంది. తలకు 10 శాతం, చేతులకు 20, మొండేనికి 30, కాళ్ళకు 40. వేళ్ళతో కలిపి రోగి అరచెయ్యి అంత మచ్చ ఒళ్ళంతటిలో సుమారు 1 శాతం. ఈ లెక్క వేయాలంటే మనిషిని తల నుంచి పాదాల దాకా చూడాలి. గోళ్ళ మీద సూది గుచ్చినట్టు చిన్న గుంటలున్నాయా చూడాలి. వేళ్ళ కణుపులు వాచాయా, పొద్దున లేవగానే పట్టేస్తున్నాయా అడగాలి. ఎందుకంటే కీళ్ళు పాడవడం మొదలైతే మళ్ళీ వెనక్కి రావు. ఒక మోచేతి ఫొటోతో ఇదంతా మీకెలా తెలిసింది? మీ ప్రకటనల్లో కనిపించే సోరియాసిస్ తెల్లటి ఒంటి మీద గులాబీ రంగులో ఉంటుంది. మా ఒళ్ళు నల్లటివి. వాటి మీద అది ఊదా రంగులోనో, బూడిద రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. ఫోను కెమెరా ముఖాన్ని తెల్లగా చేసినట్టే మచ్చనూ తెల్లగా చేస్తుంది.

అన్నిటికన్నా నాకు భయం వేసేది వేరే ఉంది. ఒంటి మీది ప్రతి మచ్చా సోరియాసిస్ కాదు. తామర కావచ్చు, లైకెన్ ప్లానస్ కావచ్చు. మా ప్రాంతంలో కుష్ఠు కూడా కావచ్చు. దేశం మొత్తం మీద ఆ జబ్బు పదివేలమందిలో ఒకరి కన్నా తక్కువకు దిగిందని 2005 చివర్లో లెక్క తేలినా, కుష్ఠు మాయమైపోలేదు. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉండటానికి కారణం ఉంది. కుష్ఠు మచ్చను పోల్చుకోవడానికి డాక్టరు చేసే మొదటి పని దూది పింజతోనో పెన్ను కొసతోనో దాన్ని తాకి, తెలుస్తోందా అని అడగడం. మోచెయ్యి దగ్గర నరం లావెక్కిందా అని వేళ్ళతో తడిమి చూడటం. ఏ ఫొటోలోంచి స్పర్శ కనుక్కుంటారు మీరు? సోరియాసిస్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తే, లోపల ఉన్న కుష్ఠు, టీబీ ఏం చేస్తాయో నాకన్నా మీకే బాగా తెలుసు.

దీనికి పరిష్కారం లేకపోలేదు, చాలా దగ్గర్లోనే ఉంది. ఈ-సంజీవనిలో ఒక పద్ధతిలో రోగి ఇంట్లో ఒంటరిగా కూర్చోడు. ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో పనిచేసే అమ్మాయి పక్కన కూర్చుంటాడు, అవతల డాక్టరు తెరమీద ఉంటాడు. డాక్టరు అడిగితే ఆ అమ్మాయి దూదితో తాకి చూస్తుంది, బీపీ చూస్తుంది, చొక్కా విప్పించి వీపు చూపిస్తుంది. మీ కంపెనీల దగ్గర ఇంత డబ్బుంది కదా, ప్రతి మండల కేంద్రంలో ఒక ల్యాబుతో, ఒక నర్సుతో ఒప్పందం పెట్టుకోవడం మీకు కుదరదా? సబ్బులకూ షాంపూలకూ ప్రకటనలు ఇస్తున్న డబ్బులో కొంచెం మళ్ళిస్తే చాలదా?

స్టిరాయిడ్ ట్యూబుల గురించి మీరు ఎదురు ప్రశ్న వేస్తారని తెలుసు. చీటీ లేకుండా తామరకూ దురదకూ తెల్లబడటానికీ ఒకే ట్యూబు అమ్మేది మందుల షాపులే కదా అంటారు. అది నిజమే. అందుకే 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూత మందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. చీటీ ఉంటేనే ఇవ్వాలంది. ఆర్ఎంపీ ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్‌తో వారంలో మెరిసిపోయిన ఒళ్ళు, అది ఆపగానే నిప్పు రాజుకున్నట్టు ఎర్రబడి చీము పొక్కులు తేలడం మేం చూస్తూనే ఉన్నాం. మా తప్పులూ వాళ్ళ తప్పులూ మీ తప్పులకు సాకు అవుతాయా? మా దగ్గర చీటీ అడిగే అధికారులు ఉన్నారు. మీ దగ్గర ఆ చీటీ ఎలా పుట్టిందో అడిగేవాళ్ళెవరు?

అడగడానికి నిబంధనలైతే ఉన్నాయి. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. మీరు ఆధారపడే చట్టబద్ధత అంతా వాటిదే. వాటిని మీ వకీళ్ళు చదివే ఉంటారు. మొదటిసారి చూస్తున్న రోగికి వీడియోలో కూడా, ముప్పు తక్కువని ఎంచిన మందుల జాబితా నుంచే రాయమని అందులో ఉంది. మెథోట్రెక్సేట్ ముప్పు తక్కువ మందా? డాక్టరుకు అనుమానంగా ఉంటే నేరుగా చూపించుకోమని పంపెయ్యాలని ఉంది. మీ డాక్టర్లలో ఎంతమందికి ఆ స్వేచ్ఛ ఉంది? వెనక్కి పంపితే వాళ్ళ సంపాదన తగ్గదా? కృత్రిమ మేధతో నడిచే వ్యవస్థ రోగికి సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు అని కూడా స్పష్టంగా రాశారు. ఫొటో పెట్టగానే "మీకు ఉన్నది బహుశా సోరియాసిస్" అని తెర మీద తేలే మాట ఎవరిది? డాక్టరుదా, యంత్రానిదా?

డాక్టర్లతో విడిగా ఒక మాట. చీటీ కింద మీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, మీ సంతకం ఉంటుంది. యాప్ మూతపడినా ఆ నంబరు మీదే. రేపు నోరు పూసి, జ్వరం వచ్చి రోగి ఫోను చేస్తే తీయాల్సింది కాల్ సెంటరు కుర్రవాడా, మీరా? ఆ రాత్రి మీ రోగికి తెలుసున్న నంబరు నా షాపుదే. నేను మీ మోతాదు మార్చలేను, మార్చడానికి చట్టం ఒప్పుకోదు. మీరేమో దొరకరు. మధ్యలో మనిషిని నేనేం చెయ్యాలి?

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను, సమాధానం బహిరంగంగానే ఇవ్వండి. మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ లాంటివి రక్తపరీక్ష రిపోర్టు చూడకుండా ఇకమీదట రాస్తారా, రాయరా? మొదటి చూపు ఎక్కడైనా సరే, ఎవరైనా సరే, ఒక మనిషి చేతులతో జరగాలని ఒప్పుకుంటారా? చీటీ తెలుగులో కూడా ఇస్తారా, ఏ రోజు వేసుకోవాలో వారం పేరుతో రాసి? ప్రమాదకరమైన మందు రాసిన రోగికి, ఆ మందు నడుస్తున్నంత కాలం, కొత్త అపాయింట్‌మెంట్ అడగకుండా, కొత్త ఫీజు అడగకుండా డాక్టరు దొరికే నంబరు ఇస్తారా? ఇవ్వలేకపోతే, ఆ మందు మీ చీటీల్లోంచి తీసేసి, శ్రీకాకుళం వెళ్ళమని రోగికి చెప్పండి. ఛార్జీలు పెట్టుకుని వెళ్తాడు.

మీరు రాసిన జవాబును నా షాపు గోడ మీద అంటిస్తాను. ఎన్ని సంస్థలు రాస్తే అన్ని కాగితాలు. రాయని సంస్థల చీటీ మీద మెథోట్రెక్సేట్ కనిపిస్తే ముందు ఫోను మీకే చేస్తాను. మీరు ఎత్తేదాకా ఆ మాత్రలు అల్మరాలోనే ఉంటాయి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా